అవుట్‌లయర్ల బొమ్మ గీసే ఫంక్షన్ గురించి మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

నీ పైథాన్ ఫంక్షన్ చదివాను. బొమ్మ చక్కగానే వస్తోంది గానీ, సగటు నుంచి మూడు ప్రామాణిక విచలనాలు (అంకెలు సగటు చుట్టూ ఎంత చెదిరాయో చెప్పే కొలత) దాటినదే అవుట్‌లయర్, అంటే మిగతా వాటికి దూరంగా పడిన అంకె, అని నువ్వు పెట్టిన షరతుతోనే నాకు పేచీ. పది రోజుల గరిష్ఠ ఉష్ణోగ్రతలు 31, 32, 33, 32, 31, 34, 33, 32, 31, 320 అని ఇచ్చి నడిపి చూడు. చివరిది 32.0లో చుక్క ఎగిరిపోయిన అంకె అని ఎవరైనా చెబుతారు. నీ ఫంక్షన్ మాత్రం పట్టుకోదు, ఎందుకంటే ఆ ఒక్క అంకే సగటును 60.9కి లాగి, పైథాన్‌లో అంకెల లెక్కలకు వాడే నంపై లైబ్రరీ లెక్కలో విచలనాన్ని 86 దాకా ఉబ్బించి, ఆ ఉబ్బు చాటునే దాక్కుంటుంది. అసలు పది అంకెలే ఉన్నప్పుడు ఏ అంకె అయినా ఆ మూడింటి గీతను దాటడం లెక్క ప్రకారమే అసాధ్యం.

కాబట్టి అంకెల విస్తృతిని పెట్టెగా చూపే బాక్స్‌ప్లాట్‌తో పాటు గణాంక శాస్త్రవేత్త జాన్ ట్యూకీ ప్రచారంలోకి తెచ్చిన పద్ధతిని వాడు. ఇక్కడ మొదటి చతుర్థాంశం (అంకెలను వరుసలో పేరిస్తే కింది పావు భాగం ముగిసే చోటు) 31.25, మూడవది (ముప్పావు భాగం ముగిసే చోటు) 33, వాటి మధ్య దూరం 1.75, దానికి ఒకటిన్నర రెట్లు 33కు కలిపితే ఎగువ కంచె, అంటే దాటితే అవుట్‌లయర్ అనే హద్దు, 35.625 దగ్గర పడుతుంది, 320 బయట నిలబడి దొరికిపోతుంది.

ఖాళీ గడుల విషయంలో జాగ్రత్త. ఒక్క గడి ఖాళీగా ఉన్నా చతుర్థాంశాలు లెక్కగట్టే నంపైలోని పర్సంటైల్ 'నాన్' (సంఖ్య కాదు) అని తిరిగిస్తుంది, దానితో చేసిన ప్రతి పోలికా అబద్ధమవుతుంది, ఫంక్షన్ నిశ్చింతగా అవుట్‌లయర్లు లేవంటుంది. ఉద్యోగంలో ఉండగా ఆ మాటను నమ్మి నివేదిక పంపి నాలుక కరుచుకున్నవాణ్ణి నేను. ఖాళీలను వదిలేసి లెక్కించే నాన్‌పర్సంటైల్ వాడు, ఎన్ని గడులు ఖాళీయో బొమ్మ కిందనే రాయించు.

లెక్క ఒక ఫంక్షన్‌లో, బొమ్మ గీయడం మరొక దానిలో ఉండనివ్వు. మొదటిది ఏ అంకెనూ తీసేయకుండా అవుట్‌లయర్ల వరుస సంఖ్యలను మాత్రం తిరిగివ్వాలి. రెండవది ఆ చుక్కల పక్కన తేదీ వేయాలి, లేకపోతే అసలు రిజిస్టరులో వెతికి సరిచూసుకునేదెలా?

ఇదే ఫంక్షన్‌ను అనంతపురం రోజువారీ వానల మీద నేరుగా ప్రయోగించకు. అక్కడ ఏడాదిలో ముప్పావు వంతుకు పైగా రోజులు వాన ఉండదు గనుక రెండు చతుర్థాంశాలూ సున్నాయే అవుతాయి, కంచె కూడా సున్నా దగ్గరే పడి, చినుకు పడిన ప్రతి రోజూ ఎర్రచుక్కగా కనిపిస్తుంది. వాన కురిసిన రోజులను విడదీసి, వాటి లాగరిథమ్‌ల మీద కంచె వేసి చూడు.

మార్చిన కోడ్‌తో పాటు ఆ 320 బొమ్మ కూడా పంపించు.

ఆశీస్సులతో,
మామయ్య