టెక్ సందేహాలు: పొడుగువాళ్ల కార్బన్ సైకిల్‌కి ఊగుడెందుకు?

ప్రశ్న: నా ఎత్తు 6 అడుగుల 3 అంగుళాలు, బరువు 96 కిలోలు. ఈమధ్యే 61 సైజు కార్బన్ రోడ్ బైక్ కొన్నాను. బెంజి సర్కిల్ ఫ్లైఓవర్ ఎక్కుతూ లేచి నిలబడి తొక్కితే పెడల్స్ దగ్గర ఫ్రేమ్ పక్కకి వంగుతున్నట్టుంది. అదే మోడల్ 52 సైజు తొక్కే మా ఫ్రెండ్‌కి ఈ బాధ లేదు. నాది టీ-800 రకం కార్బన్. టీ-1000 కార్బన్ ఫ్రేమ్‌కి మారితే పోతుందా?
– ఒక పాఠకుడు, పటమట, విజయవాడ

జవాబు: పోయేది మీ డబ్బే. కార్బన్ పోగు తయారుచేసే టోరే కంపెనీ టీ వరసలో అంకె పెరిగితే స్టిఫ్‌నెస్ (వంగని బిగువు) కూడా పెరిగినట్టేనని చాలామంది అనుకుంటారు. స్టిఫ్‌నెస్‌ని చెప్పేది మాడ్యులస్. టీ-700కి అది 230 గిగాపాస్కల్స్, టీ-800కి 294. టీ-1000కీ అదే 294! అక్కడ పెరిగేది తెగకుండా లాగుడు తట్టుకునే బలం. షాపులో ఈ ముక్క ఎవరూ చెప్పరు.

పైగా కార్బన్ పోగు బిగువంతా దాని పొడవునే. మీరు నిలబడి తొక్కితే డౌన్ ట్యూబ్ (హ్యాండిల్ కింద నుంచి పెడల్స్ దాకా దిగే గొట్టం) మెలిపడుతుంది. ఆ మెలికని ఆపేవి 45 డిగ్రీల ఏటవాలుగా అటూ ఇటూ పరిచిన పొరలు. అవి చాలకపోతే ఎంత ఖరీదు పోగైనా దండగే.

ఇక సైజు సంగతి. ట్యూబ్ అదే లావుండి పొడవు పెరిగితే మెలిక కూడా ఆ మేరకు పెరుగుతుంది. దానికితోడు తొక్కేవాడూ బరువే. విరుగుడు లావు పెంచడం: గోడ మందం మార్చకుండా వ్యాసం 10 శాతం పెంచితే బరువు పెరిగేది 10 శాతమే, మెలిపడని బిగువు మాత్రం 33 శాతం పెరుగుతుంది. స్పెషలైజ్డ్ అనే సైకిల్ కంపెనీ 2014లో తెచ్చిన రోడ్ బైక్ టార్మాక్‌ని సైజు సైజుకీ విడిగా డిజైన్ చేసింది ఇందుకే. అన్ని సైజులకీ ఒకే ట్యూబులు, ఒకే పొరలు వాడితే నష్టపోయేది మీలాంటి ఆజానుబాహులు.

మీ ఫ్రెండ్ బండి దగ్గరే ఉందిగా, ఒక దారం తీసుకుని రెండు డౌన్ ట్యూబుల నడిమికీ చుట్టి కొలవండి. చుట్టుకొలత ఒకటే అయితే లోపల పొరలైనా పెంచారా అని కంపెనీకి మెయిల్ పెట్టండి. సూటిగా జవాబు రాకపోతే అర్థం చేసుకోవచ్చు.

అంతకన్నా ముందు వెనక చక్రం చూడండి. స్పోక్‌లు రెండేసి కలిపి వేళ్లతో నొక్కితే వదులుగా తగిలితే, 96 కిలోల కింద వంగేది ఫ్రేమ్ కాదు, చక్రమే కావచ్చు. మాన్యువల్లో రైడర్ బరువు పరిమితీ చూసుకోండి. కాస్త ఊగడం ప్రమాదమేమీ కాదు. కానీ ఊగుడు రోజురోజుకీ పెరుగుతున్నా, టకటక శబ్దం మొదలైనా తొక్కడం ఆపి పగుళ్లకోసం చూపించండి.

ప్రశ్న: మే నెల ఎండలో కార్లో వదిలేస్తే కార్బన్ ఫ్రేమ్ మెత్తబడుతుందా?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: మెత్తబడదు. అందులో పోగుల్ని అతికించి పట్టుకునే ఎపాక్సీ జిగురుని గట్టిపరిచేదే సాధారణంగా 120 డిగ్రీల పైచిలుకు వేడిలో. గుంటూరు ఎండ ఎంత మండినా కారు లోపల అంత వేడి రాదు. ట్యూబ్‌లెస్ టైర్లయితే లోపల పంక్చర్లు పూడ్చే ద్రవం (సీలెంట్) మాత్రం త్వరగా ఎండిపోతుంది, వేసవిలో తరచూ చూసి పోయించండి.