కూలికి వలసపోయే ఇంటి పిల్లాడు చదువులో వెనకబడితే టీచర్ ఏం చేయాలి?

మీరు మహారాష్ట్రలో, తెలుగు మాట్లాడే ఇళ్లున్న సిరొంచ వైపు జిల్లా పరిషత్ మరాఠీ బడిలో కొత్తగా చేరానన్నారు. ఏడో తరగతి పిల్లాడొకడికి మరాఠీ చదవడం రావట్లేదని, లెక్కలు అసలే రావని, జనవరి రాగానే అమ్మానాన్నలతో మిరపకాయలు ఏరడానికి తెలంగాణకు వెళ్లిపోతాడని రాశారు. ఎక్కడ మొదలుపెట్టాలని అడిగారు. నేను ఇదే తాలూకాలో చాలా ఏళ్లు లెక్కలు చెప్పాను.

ముందు వాణ్ని తెలుగులో అడిగి చూడండి. ఏం వచ్చో, ఏం రాదో అప్పుడు తెలుస్తుంది.

నా దగ్గరా ఇలాంటి పిల్లాడే ఉండేవాడు. మరాఠీలో ‘తేవీస్’ (23) రాయమంటే 32 వేసేవాడు, ‘పంచవీస్’ (25) అంటే 52. అందరూ మొద్దు అనేశారు. ఇంట్లో ‘ఇరవై మూడు’ అంటే పదులు ముందు వస్తాయి. మరాఠీలో ఒకట్లు ముందు వినిపిస్తాయి. పాపం, వాడు విన్న వరసలోనే రాస్తున్నాడు. ‘ఏకోణతీస్’ ఇంకా కష్టం. ముప్ఫైకి ఒకటి తక్కువ, అంటే 29. వాడు 31 రాసేవాడు. 2019లో మహారాష్ట్ర పాఠ్యపుస్తకాల సంస్థ బాలభారతి రెండో తరగతి లెక్కల పుస్తకంలో ‘వీస్ తీన్’ (ఇరవై మూడు) అని పదులు ముందు చెప్పే తేలిక పద్ధతి పెడితే రాష్ట్రమంతా పెద్ద గొడవైంది కానీ, మన పిల్లలకు అది ఎంత మేలో నాకు తెలుసు. మీరు ఏడో తరగతిలో కూడా మొహమాటపడకుండా ఆ పద్ధతే వాడండి.

అదే పిల్లాడు వాళ్లమ్మ ఎన్ని కిలోలు ఏరిందో, కిలోకి ఎంతో, మేస్త్రి దగ్గర తీసుకున్న అడ్వాన్స్ పోను చేతికి ఎంత రావాలో నోటితోనే చెప్పేసేవాడు. గుణకారం, తీసివేత అన్నీ వచ్చు. పుస్తకంలో ప్రశ్న ఏం అడుగుతోందో అర్థమయ్యేది కాదు, అంతే. అందుకని రోజూ ప్రార్థనకు ముందు కాసేపు కూర్చోబెట్టి, మరాఠీ లెక్క చదివించి, దాన్ని వాడి మాటల్లో తెలుగులో చెప్పించేవాణ్ని. చెప్పాకే పెన్ను పట్టనిచ్చేవాణ్ని. చదవడానికి రెండో తరగతి పుస్తకం ఇచ్చాను, అయితే ఒక్కడికే కాదు. తోడుగా ఇంకో ఇద్దరిని పిలిచాను. ఆ వయసులో సిగ్గు చాలా ఉంటుందండీ.

నోట్‌బుక్కులు, చెప్పులు కొనిపెట్టడం మంచిదే, కొనండి. కానీ అసలు దెబ్బ వలస దగ్గర పడుతుంది. తండ్రిని తిట్టొద్దు. ‘సారూ, ఈన్ని ఎవరి మీద ఇడిసిపెట్టి పోవాలె?’ అని ఆయన అడిగే ప్రశ్నకు మనం జవాబు చూపించాలి. నానమ్మ ఊళ్లో ఉంటే ఆమెతో మాట్లాడండి. వలస కుటుంబాల పిల్లలకు ప్రభుత్వం హంగామీ (వలస సీజన్‌లో నడిచే) వసతిగృహాలు నడుపుతుంది, మీ తాలూకాలో ఉందేమో హెచ్‌ఎంతో కనుక్కోండి. ఏదీ కుదరక వెళ్లాల్సే వస్తే, అక్కడి ప్రభుత్వ బడిలో కూర్చోబెట్టమని చెప్పండి. టీసీ రాలేదని చేర్చుకోకుండా ఉండటానికి వీల్లేదు. 2009 విద్యాహక్కు చట్టం 5వ సెక్షన్‌లో ఇది స్పష్టంగా ఉంది. నేనైతే ఆ మాట కాగితం మీద రాసి తండ్రి చేతికిచ్చేవాణ్ని. తెలుగు మీడియమే అయినా ఫర్వాలేదు. చేలో ఉండేకంటే బడిలో ఉండటం నయం, మధ్యాహ్నం అన్నమూ దొరుకుతుంది.

ఇక ఎనిమిదిలో ఎన్ఎంఎంఎస్ అనే కేంద్ర ప్రభుత్వ స్కాలర్‌షిప్ పరీక్ష రాయించండి. పాసై ఎంపికైతే తొమ్మిది నుంచి పన్నెండు దాకా ఏటా 12,000 రూపాయలు వస్తాయి. ఇంటి ఆదాయం ఏడాదికి మూడున్నర లక్షలు దాటకూడదు. ఏడో తరగతిలో 55 శాతం మార్కులుండాలి, ఎస్సీ, ఎస్టీలకు 50 చాలు. అందుకే ఈ ఏడాది మార్కులు ముఖ్యం. నేను చెప్పిన ఆ పిల్లాడికి స్కాలర్‌షిప్ రాలేదు, అయినా పదో తరగతి గట్టెక్కాడు. తర్వాత వాళ్ల చెల్లెలు రాసి తెచ్చుకుంది.

దానికి ఆదాయ ధ్రువపత్రం కావాలి, తహసీల్ ఆఫీసు పని. తండ్రి ఊళ్లో ఉన్నప్పుడే మీరూ వెంట వెళ్లి చేయించండి. మిరప తోటలకు వెళ్లాక ఆయన దొరకడు.