అమ్మ మోకాలు వంగడం లేదని రోజూ గొడవ పడుతున్నాం

ప్రశ్న: మా అమ్మకు 69 ఏళ్లు. నాన్న పోయి మూడేళ్లయింది. రెండు మోకాళ్లలోనూ గుజ్జు పూర్తిగా అరిగిపోయిందని డాక్టర్ చెప్పారు. అమ్మ భయపడుతున్నా నేనే నచ్చజెప్పి, 5 వారాల కిందట కుడి మోకాలికి కీలు మార్పిడి ఆపరేషన్ చేయించాను. ఇప్పుడు మా ఇంట్లోనే ఉంది. కుట్లు మానాయి, వాకర్‌తో బాత్రూమ్ దాకా వెళ్తుంది. ఎక్సర్‌సైజులు చేయమంటే మాత్రం ఏడుపే. ఇంటికి వచ్చే ఫిజియోను రెండు వారాలకే వద్దని పంపించేసింది. మోకాలు 70 డిగ్రీల దగ్గర ఆగిపోయింది. అలవాటైపోతాయని నొప్పి మాత్రలు కూడా మానేసింది. నొప్పి అన్నప్పుడల్లా మోకాలి కింద దిండు పెడుతున్నాను. తెలిసినావిడ ఒకరు 3 వారాలకే కర్ర లేకుండా నడిచారని చెప్తే, రోజంతా నాతో మాట్లాడలేదు. 'కుంటుకుంటూ అయినా నడిచేదాన్ని, నువ్వే మంచాన పడేశావు' అంటోంది. దూరంగా ఉండే మా తమ్ముడు ఫోన్ చేసినప్పుడల్లా 'ఎందుకంత తొందరపడ్డావు' అంటాడు. మూడు నెలలయ్యాక ఎడమ మోకాలికీ చేయాలన్నారు. ఆసుపత్రిలో రెండో రాత్రి, నాన్న వచ్చి పక్కన కూర్చున్నారని అమ్మ ఆయనతో మాట్లాడింది. అది తలుచుకుంటే ఇంకో ఆపరేషన్ అంటేనే భయం. నిన్న అమ్మ మీద గట్టిగా అరిచేశాను. ఏం చేయమంటారు?

జవాబు: అరిచిన సంగతి తర్వాత మాట్లాడుకుందాం. ముందు ఈ వారంలోనే అమ్మగారిని ఆపరేషన్ చేసిన డాక్టర్‌కు చూపించండి. ఈపాటికి చాలామందికి మోకాలు 90 డిగ్రీలు, అంతకన్నా ఎక్కువే వంగుతుంది. 70 డిగ్రీలతో చదునైన నేల మీద నడవొచ్చు గానీ మెట్లెక్కడం కష్టం, కుర్చీలోంచి చేతుల ఊతం లేకుండా లేవడం ఇంకా కష్టం. కీలు చుట్టూ మచ్చకట్టే కణజాలం గట్టిపడే కొద్దీ కదలిక తెచ్చుకోవడం కష్టమవుతుంది. బాగా బిగుసుకుపోయిన మోకాలిని మత్తు ఇచ్చి, కోత లేకుండా డాక్టరే మెల్లగా వంచే పద్ధతి ఒకటి ఉంది. అది సాధారణంగా మొదటి 3 నెలల్లోపు చేస్తే బాగా పనిచేస్తుంది. అమ్మగారికి అది అవసరమని నేను అనడం లేదు. అవసరమో కాదో చెప్పాల్సిన మనిషి ఇప్పుడే చూడాలి. 'వచ్చే నెల చెకప్ ఉందిగా' అని ఆగొద్దు.

రెండోది, ఆ దిండు. మీరు ప్రేమతోనే పెడుతున్నారు, పెట్టగానే ఆవిడకు హాయిగానూ ఉంటుంది, ఎందుకంటే వాచిన మోకాలు కొంచెం వంగి ఉంటే లోపల ఒత్తిడి తగ్గుతుంది. కానీ గంటల తరబడి అలాగే ఉంటే కాలు పూర్తిగా చాపడం రాకుండా పోతుంది. చాపలేని కాలితో నడిస్తే కుంటు తప్పదు, తొడ తొందరగా అలసిపోతుంది. మోకాలి కింద నుంచి దిండు తీసేసి, మడమ కింద చుట్టిన తువ్వాలు పెట్టండి. మోకాలు గాల్లో ఉండి తన బరువుకు తానే కిందికి దిగుతుంది. మొదట్లో 5 నిమిషాలు కూడా ఓర్చుకోలేరు. పర్వాలేదు, రోజులో నాలుగైదు సార్లు ఆ కాస్త చాలు. వాపు కోసమైతే కాలు మొత్తం గుండె కన్నా ఎత్తులో ఉండేలా పడుకోబెట్టి, గుడ్డలో చుట్టిన ఐస్ 15, 20 నిమిషాలు పెట్టొచ్చు.

ఇక మాత్రలు. ఈ పేచీ చాలా ఇళ్లలో చూస్తుంటాను. నొప్పి మాత్ర మానేయడం ఓర్పుకు గుర్తని ఒక తరం మొత్తం నమ్ముతుంది. ఇక్కడ మాత్ర పని వేరు. నొప్పి ఉంటే కండరం బిగుసుకుంటుంది, బిగుసుకున్న కండరంతో మోకాలు వంగదు, బలవంతంగా వంచితే నొప్పి ఇంకా పెరుగుతుంది, మర్నాడు ఆవిడ మంచం దిగనంటారు. ఎక్సర్‌సైజుకు అరగంట, ముప్పావుగంట ముందు మాత్ర వేసుకుంటే ఈ చక్రం తెగుతుంది. అలవాటైపోతుందన్న భయం కొన్ని రకాల మాత్రల విషయంలో నిజమే, అన్నిటికీ వర్తించదు. కిడ్నీ, కడుపు ఇబ్బందులున్న వాళ్లకు కొన్ని పడవు కూడా. కాబట్టి ఏది, ఎంత, ఎన్నాళ్లు అన్నది డాక్టర్‌తో కాగితం మీద రాయించి, అమ్మగారి ముందే అడగండి. మీ నోటితో చెప్తే అది ఇంకో ఆర్డర్. డాక్టర్ చెప్తే వైద్యం. మలబద్ధకం గురించీ మర్చిపోకుండా అడగండి. బలమైన నొప్పి మాత్రలతో అది మామూలే, పెద్దవాళ్లు బయటికి చెప్పుకోలేక మాత్రలే మానేస్తుంటారు.

ఇప్పుడు మీ ఇద్దరి సంగతి. మీ ఉత్తరంలో 'నేనే నచ్చజెప్పి' అన్న మాట దగ్గర నేను కాసేపు ఆగాను. ఆపరేషన్ నిర్ణయం మీ మెడకు చుట్టుకుంది. అమ్మ మోకాలు వంగితే మీరు చేసింది సరైన పని, వంగకపోతే తమ్ముడన్నదే నిజం. ఇంత బరువు ఆ కీలు మీద పెట్టి 'ఇంకొంచెం వంచమ్మా' అంటుంటే, ఆ గొంతులో వేడుకోలుతో పాటు భయమూ వినిపిస్తుంది. ఆవిడ మీ తల్లి, మీ గొంతు ఆవిడకు తెలియదా? తన కాలు పరీక్ష పేపరైపోయిందని ఆవిడకు అర్థమైంది. అందుకే మొండికేస్తున్నారని నా అనుమానం. పోల్చి చెప్పిన ఆ తెలిసినావిడ కథ ఆ పేపరు మీద వేసిన మార్కుల్లాంటిది. ఇంకెప్పుడూ ఆ ప్రస్తావన తేకండి.

అందుకని ఎక్సర్‌సైజులు చేయించే బాధ్యత నుంచి మీరు పూర్తిగా తప్పుకోండి. ఫిజియోను మళ్లీ పిలిపించండి. ఇంతకు ముందు వచ్చినవారితో ఆవిడకు ఇబ్బందైతే వేరే వాళ్లను, వీలైతే మహిళా ఫిజియోను చూడండి. ఎందుకు వద్దన్నారో ఆవిడను నిదానంగా ఒక్కసారి అడగండి. నొప్పి అని పైకి చెప్పినా, చీర పైకి తీయాల్సి రావడం, గది తలుపు తెరిచి ఉండటం లాంటి కారణాలు ఉండొచ్చు. ఫిజియో వచ్చినప్పుడు మీరు గదిలో ఉండకండి. మీరుంటే ఆవిడ మీ మొహం చూస్తారు. 'ఎంత వంగింది' అని సాయంత్రం అడగకండి కూడా. లెక్క ఫిజియో రాసుకుంటారు.

మీ తమ్ముడికీ ఒక పని ఉంది. రోజూ ఎక్సర్‌సైజు వేళకు వీడియో కాల్ చేసి, అమ్మ కాలు చాపి పది లెక్కపెట్టేదాకా కబుర్లు చెప్పమనండి. దూరం నుంచి తప్పులు ఎంచేవాళ్లు, చేతిలో పని పడగానే ఆ పని ఎంత కష్టమో తెలుసుకుని కాస్త మెత్తబడతారు. మెత్తబడకపోయినా, అమ్మకు రోజుకో పావుగంట కొడుకు దొరుకుతాడు.

అమ్మగారిని కలవరపెట్టే కొన్ని విషయాలు నిజానికి మామూలువే. వాటిని ఎవరూ చెప్పకపోతే 'లోపల ఏదో తేడా జరిగింది' అనుకుంటారు. నడుస్తుంటే టక్‌మని చప్పుడు రావచ్చు, లోహమూ ప్లాస్టిక్కూ తగిలే చప్పుడది. కోతకు బయటి వైపు చర్మం మొద్దుబారి ఉంటుంది, కొంత అలాగే ఉండిపోవచ్చు. మోకాలు నెలల తరబడి కాస్త వెచ్చగా, వాపుగా ఉంటుంది. రాత్రిళ్లు నిద్ర చెడుతుంది. మొదటి ఆరు వారాల్లో 'ఎందుకు చేయించుకున్నానురా' అనుకోని వాళ్లు తక్కువ. అసలు నొప్పి ఎక్కువ భాగం 3 నెలలకు తగ్గుతుంది, బలం ఏడాది దాకా పెరుగుతూనే ఉంటుంది. అందుకే 5 వారాల మోకాలిని పాత మోకాలితో పోల్చి లాభనష్టాలు తేల్చలేం. అలాగని 'అంతా బాగైపోతుంది' అని మాటివ్వకండి. ఈ ఆపరేషన్ చేయించుకున్న వాళ్లలో ఎక్కువ మంది తృప్తిగానే ఉంటారు. ఐదుగురిలో ఒకరు మాత్రం అనుకున్నంత బాగాలేదంటారు.

మామూలు కానివీ ఉన్నాయి. పిక్క గట్టిగా వాచి నొప్పెట్టడం, గాయం నుంచి చీమో నీరో కారడం, కొత్తగా జ్వరం, ఎరుపు పాకడం కనిపిస్తే అదే రోజు డాక్టర్‌తో మాట్లాడండి. హఠాత్తుగా ఆయాసం, ఛాతీలో నొప్పి వస్తే ఆలోచించకుండా ఎమర్జెన్సీకి వెళ్లండి. కాలి రక్తనాళంలో కట్టిన రక్తపు గడ్డ ఊపిరితిత్తులకు చేరినా అలా అవుతుంది. రక్తం పలచబడే మందు ఇచ్చి ఉంటే, నొప్పి మాత్రలతో పాటు దాన్నీ ఆపేశారేమో ఇవాళే చూడండి.

ఏడుపు గురించి ఒక మాట. ఎక్సర్‌సైజు వేళ ఏడవడం వేరు. రోజులో ఎక్కువ సేపు దిగులుగా ఉండటం, తిండి సయించకపోవడం, ఎవరితోనూ మాట్లాడాలనిపించకపోవడం రెండు వారాలు దాటితే అది డిప్రెషన్ కావచ్చు. 'నేనెందుకు బతికున్నాను' లాంటి మాట వస్తే రెండు వారాలు ఆగొద్దు, వెంటనే డాక్టర్‌కు చెప్పండి. దిగులుకు వైద్యం అందితే మోకాలూ త్వరగా దారికొస్తుంది. మూడేళ్ల కిందట భర్తను పోగొట్టుకుని, ఇప్పుడు తన ఇల్లు కూడా వదిలి మరొకరి ఇంట్లో, మరొకరి బాత్రూమ్ వాడుకుంటున్న మనిషి ఆవిడ. కమోడ్ మీద ఎత్తైన సీటు, పట్టుకోవడానికి గోడకు కమ్మీ, స్నానానికి కుర్చీ ఏర్పాటు చేసి, తలుపు లోపల ఆవిడను ఒంటరిగా వదలండి. తడి నేల మీద జారకుండా రబ్బరు చాప వేసి, పిలిస్తే వినపడేంత దూరంలో ఉంటే సరిపోతుంది. ఒక్కతే స్నానం చేసుకోగలిగిన రోజు ఆవిడ మాట తీరులో తేడా మీకే తెలుస్తుంది.

ఆసుపత్రిలో నాన్నగారు కనిపించడానికి పిచ్చితో సంబంధం లేదు. ఆపరేషన్ తర్వాత పెద్దవాళ్లకు కొన్ని రోజులు మనసు గందరగోళపడే స్థితి వస్తుంటుంది, దాన్ని డెలీరియం అంటారు. మత్తు, బలమైన మందులు, నిద్రలేమి, ఒంట్లో నీరు తగ్గడం, కొత్త చోటు అన్నీ కలిసి తెస్తాయి. ఒకసారి వచ్చిన వాళ్లకు మళ్లీ వచ్చే అవకాశం ఉంటుంది కాబట్టి రెండోసారి చేయించుకునేట్టయితే మత్తు డాక్టర్‌కు ముందే చెప్పండి. కళ్లజోడు, వినికిడి మిషన్ ఉంటే అవి చేతికందేలా ఉండాలి, రాత్రి పక్కన తెలిసిన మనిషి ఉండాలి, ఇవాళ ఏ రోజో, ఎక్కడున్నామో మధ్యమధ్య గుర్తుచేయాలి.

ఆ రెండో మోకాలి తేదీని మాత్రం ప్రస్తుతానికి ఎవరూ ఎత్తకండి. ఎడమ కాలు కోలుకునేటప్పుడు ఒళ్లంతా మోయాల్సింది ఈ కుడి కాలే. ఇది మెట్లెక్కి దిగేంత బలపడకుండా దాన్ని ముట్టుకోవడంలో అర్థం లేదు, 3 నెలలన్నది రాసిపెట్టిన గడువేమీ కాదు. ఈలోగా రెండు తొడలకూ ఎక్సర్‌సైజులు, రక్తహీనత, షుగర్ పరీక్షలు, పళ్లలోనూ మూత్రంలోనూ ఇన్ఫెక్షన్ లేదని చూసుకోవడం జరిగిపోతే, తర్వాత ఎప్పుడు చేయించుకున్నా పనికొస్తాయి. అరుగుదలకు చేసే ఈ ఆపరేషన్ ప్రాణం మీదికి వచ్చి చేసేది కాదు, ఆగొచ్చు. డాక్టర్ అడిగినప్పుడు ఈసారి జవాబు మీరు చెప్పకండి. అమ్మగారు వద్దంటే కర్ర, మందులు, ఎక్సర్‌సైజులతో ఎడమ మోకాలిని ఎంతవరకు నెట్టుకురావచ్చో ఆ డాక్టర్‌నే అడిగి తెలుసుకోండి.

నిన్న అరిచినందుకు క్షమాపణ చెప్పారా? చెప్పకపోతే ఇవాళే చెప్పండి, దాని వెనకాల 'కానీ నువ్వు కూడా' అని మాత్రం తగిలించకండి.