వన్యప్రాణి పరిశోధనకు వాలంటీరుగా వెళ్తే పక్షుల్ని చూసే తీరిక దొరుకుతుందా?

దొరుకుతుంది, కానీ పొద్దున పూట ఆశ పెట్టుకోకండి. పక్షులు హుషారుగా తిరిగే వేళే పరిశోధన పనికీ అసలు వేళ. తెల్లవారాక మూడు నాలుగు గంటలు మీవి కావు. అందుకే పక్షులంటే ఇష్టమున్నవాళ్లు పక్షుల మీద సాగే ప్రాజెక్టుకే వెళ్లడం మేలు. తాబేళ్ల గూళ్లకు రాత్రంతా కాపలా కాసే పనికి ఒప్పుకుంటే, తెల్లారేసరికి బైనాక్యులర్స్ ఎత్తే ఓపిక ఉండదు.

ఇలాంటి చోట్ల సాధారణంగా డబ్బు మనమే కట్టాలి. వాలంటీర్లను పరిశోధనలకు పంపే ఎర్త్‌వాచ్ సంస్థ 1971 నుంచి నడుస్తున్నది ఈ పద్ధతిలోనే. కట్టేముందు మూడు విషయాలు అడగండి: తేల్చాలనుకుంటున్న ప్రశ్న ఏమిటి, డేటా ఎవరికి చేరుతుంది, అనుమతి ఎవరి పేరున ఉంది. జవాబు తిన్నగా రాకపోతే వదిలేయండి. పులిపిల్లల్ని ఎత్తుకుని ఫొటో దిగొచ్చని ఊరించేచోట పరిశోధన జరగదు, వ్యాపారం జరుగుతుంది.

పక్షుల కాళ్లకు నంబరున్న రింగులు వేసే శిబిరమైతే, వాటిని పట్టడానికి మిస్ట్‌నెట్లు అనే వలలు కడతారు. ఎక్కువగా వాడేది 12 మీటర్ల పొడవు, సుమారు 2.5 మీటర్ల ఎత్తున్న సన్నటి వల. అడ్డంగా లాగి కట్టిన తాళ్ల కింద వల కాస్త వదులుగా, సంచుల్లా వేలాడుతుంది. తగిలిన పక్షి అందులోకి జారుతుంది. అరగంటకు మించకుండా వలలన్నీ చూసిరావాలి, ఎండ ముదిరినా చలి ఎక్కువైనా ఇంకా ముందే. వాన, గాలి మొదలైతే వలలు మూసేస్తారు. వాచీ, ఉంగరాలు తీసేసి వెళ్లండి, వెల్‌క్రో ఉన్న జాకెట్ అసలే వద్దు, వల పోగులు పట్టేస్తాయి.

కొత్తవాళ్లకు పక్షిని విడిపించే పని ఇవ్వరు, ఇవ్వకూడదు కూడా. మీకిచ్చేది రాతపని. చిన్నచూపు చూడకండి, శిబిరం మొత్తం దానిమీదే నిలబడుతుంది. రింగు నంబరు చెప్పగానే రాసి, తిరిగి పైకి చదవాలి. ఒక్క అంకె తప్పితే రికార్డుల్లో అది వేరే పక్షి అయిపోతుంది. పక్షిని గుడ్డసంచిలో పెట్టి తూచాక ఖాళీ సంచిని ప్రతిసారీ మళ్లీ తూచాలి. రెట్ట పడి, తడిసి దాని బరువు మారుతూ ఉంటుంది, చిన్న పక్షికి అర గ్రాము తేడా కూడా తక్కువేం కాదు. పక్షుల్ని లెక్కించే పట్టికలో వెతికినా కనిపించని జాతికి 0 వేయాలి. గడి ఖాళీగా వదిలితే వెతకలేదో, వెతికినా లేదో తర్వాత ఎవరూ చెప్పలేరు. పెన్సిలుతోనే రాయండి, తడి తగిలితే చాలా పెన్నుల సిరా అలుక్కుపోతుంది.

జంతువు ఎదురుగా కదిలితే దానంతటదే ఫొటో తీసే కెమెరా ట్రాప్‌లు అమర్చే పనైతే లెన్సు తూర్పుకో పడమరకో తిప్పవద్దు, ఉదయం సాయంత్రం ఎండకు ఊరికే ఫొటోలు తీస్తుంది. ముందున్న గడ్డి కోసేయండి. బ్యాటరీ మార్చిన ప్రతిసారీ తేదీ, టైము చూసుకోండి.

బైనాక్యులర్స్ 8×42 (8 రెట్లు పెద్దగా చూపేవి, ముందు అద్దం 42 మి.మీ.) చాలు. 10× లో చెయ్యి వణుకు ఎక్కువ తెలుస్తుంది, ఒకేసారి కనిపించే వెడల్పు కూడా మామూలుగా తగ్గుతుంది. మెర్లిన్ యాప్ కూత విని పేరు చెప్పినా, కంటితోనో చెవితోనో మీరే నిర్ధారించుకోకుండా ఈ-బర్డ్ (చూసిన పక్షుల్ని అందరూ నమోదు చేసే వెబ్‌సైటు) జాబితాలో వేయకండి. గూళ్ల దగ్గర రికార్డు చేసిన కూతలు వినిపించడం మానండి, పిల్లల్ని మేపాల్సిన పక్షి మీ ఫోను మీదికి దెబ్బలాటకు వస్తుంది. శిబిరంలో చూసిన అరుదైన పక్షి చోటును బయట పెట్టేముందు ప్రాజెక్టు వాళ్లను అడగండి.

ఇన్సూరెన్స్‌లో మారుమూల నుంచి ఆసుపత్రికి తరలించే ఖర్చు ఉందో లేదో చూసుకోండి. గబ్బిలాలను పట్టుకునే పనైతే రేబిస్ ముందస్తు టీకా గురించి బయల్దేరడానికి కొన్ని వారాల ముందే డాక్టరుతో మాట్లాడండి, ఆ డోసులు ఒక్కరోజులో అయ్యేవి కావు.