సోడియం వ్యాసార్థం 152 ఎందుకొచ్చింది?

తమ్ముడూ, పుస్తకంలో సోడియం పరమాణు వ్యాసార్థం 186 పికోమీటర్లు ఉంటే నీ లెక్కలో 152 వచ్చిందన్నావు. స్ఫటికంలో పదేపదే వచ్చే చిన్న ఘనం అంచు పొడవు 429 పికోమీటర్లు సరిగ్గానే తీసుకున్నావు. దాన్ని 2√2తో భాగించావు, తేడా అక్కడే. అది రాగిలాంటి ఫలక కేంద్రిత ఘనానికి, అంటే మూలలతో పాటు ప్రతి ముఖం మధ్యలో ఒక పరమాణువు ఉండేదానికి. సోడియంది అంతఃకేంద్రిత ఘనం, అంటే మూలలతో పాటు ఘనం నడిమధ్యలో ఒక పరమాణువు ఉంటుంది. ఇందులో మూలల పరమాణువులు ఒకదాన్నొకటి తాకవు, మధ్యలో 57 పికోమీటర్ల ఖాళీ ఉంటుంది. తాకేది ఘనం లోపలి కర్ణం వెంబడే. ఆ కర్ణం పొడవు √3 × అంచు, అందులో నాలుగు వ్యాసార్థాలు (r) పడతాయి. కాబట్టి 4r = √3 × 429, r = 186. పుస్తకంలో ఉన్నదీ ఇదే.

అసలు పరమాణువుకి కచ్చితమైన హద్దే లేదు. అంతర్వేది దగ్గర గోదావరి ఎక్కడ ఆగిందో, సముద్రం ఎక్కడ మొదలైందో గీత గీయగలమా? అందుకే ఎక్స్‌రే వివర్తనంతో (స్ఫటికంలో ఎక్స్‌రేలు చెదిరే తీరుతో) కేంద్రకాల మధ్య దూరం కొలిచి సగం చేస్తారు. క్లోరిన్ అణువులో 198 పికోమీటర్లు, సగం 99. ఇది సమయోజనీయ వ్యాసార్థం, అంటే ఎలక్ట్రాన్లు పంచుకుని బంధమైన పరమాణువులది. సోడియం 186 లోహ వ్యాసార్థం, అంటే లోహ స్ఫటికంలో పక్కపక్కన తాకే పరమాణువులది. రెండిటినీ పోల్చేటప్పుడు ఆ పేర్లు తప్పక రాయి.