టోన్ నాబ్ సున్నాకి తిప్పితే జాజ్ సౌండ్ రాదు

హంబకర్లు (రెండు కాయిల్‌ల పికప్‌లు, అంటే తీగ కదలికను సిగ్నల్‌గా మార్చే భాగాలు) ఉన్న సాలిడ్ బాడీ గిటార్‌తో, క్లీన్ ఆంప్‌లో, టోన్ పూర్తిగా తగ్గించినా పాత జాజ్ సౌండ్ రావట్లేదు, దుప్పటి కప్పినట్టు వినిపిస్తోంది అన్నారు కదా. దయచేసి ఇంకో పెడల్ కొనకండి. ముందు స్ట్రింగ్స్ మార్చండి.

ఫ్లాట్‌వౌండ్ (పైచుట్టు చదునుగా, నున్నగా ఉండే తీగలు) 11 లేదా 12 సెట్ వేయండి, ఆ అంకె అన్నిటికన్నా సన్న తీగ మందం. అందులో మూడో తీగ కూడా చుట్టు తీగే. ఆ ఒక్క మార్పుకే కార్డ్‌లు గుండ్రంగా పలుకుతాయి. తీగలు లావు కాబట్టి ట్రస్ రాడ్ (నెక్ వంపుని సరిచేసే లోపలి కడ్డీ) సరిచేయించాలి, నట్ (నెక్ పైచివర తీగలు ఆనే పట్టీ) గాడి కూడా చూపించండి.

తర్వాత నెక్ పికప్ (నెక్ వైపున్నది) ఎంచుకుని, టోన్ 5 దగ్గర పెట్టండి. ఫెండర్ తరహా ఆంప్‌లో మిడ్ సహజంగానే తక్కువ, అందుకే మిడ్ 7, బాస్ 3, ట్రెబుల్ 4తో మొదలుపెట్టండి. ఇంకా మసకగా ఉంటే ఈక్యూ పెడల్‌లో (ఒక్కో ఫ్రీక్వెన్సీని విడిగా పెంచి తగ్గించేది) 200 హెర్ట్జ్ కాస్త దించండి, 800 కొద్దిగా పెంచండి. కోరస్ తీసేయండి, రివర్బ్ చిటికెడు చాలు.

1939లో క్లారినెట్ వాద్యకారుడు బెన్నీ గుడ్‌మన్ బృందంలో చేరిన జాజ్ గిటారిస్ట్ చార్లీ క్రిస్టియన్ టోన్ కావాలంటే దారి వేరు. ఆయన గిబ్సన్ ఈఎస్-150లో ఉన్నది సింగిల్ కాయిల్ పికప్, చిన్న వాల్వ్ ఆంప్ కొంచెం గరగరలాడేది. ఆ గరుకే ఆ సౌండ్‌కి ప్రాణం! ఓవర్‌డ్రైవ్ (సౌండ్‌ని గరుకు చేసే ఎఫెక్ట్) గెయిన్ దాదాపు అడుగున పెట్టి, గట్టిగా మీటినప్పుడే పగిలేలా చూసుకోండి. మరో జాజ్ గిటారిస్ట్ వెస్ మోంట్‌గోమరీ మెత్తదనం కావాలంటే మాత్రం పిక్ పక్కన పెట్టి బొటనవేలితో, నెక్ చివర దగ్గర మీటండి.