విజయనగరంలో కర్ణాటక వయొలిన్ నేర్చుకుంటున్న అమ్మాయి విదేశీ ఆర్కెస్ట్రాలో ఉద్యోగం చేయగలదా?

మీ అమ్మాయికి పదమూడేళ్ళు, విజయనగరంలో అయిదేళ్ళుగా కర్ణాటక వయొలిన్ నేర్చుకుంటోంది, యూట్యూబ్‌లో సింఫనీ కచేరీలు చూసి అలాంటి ఆర్కెస్ట్రాలో వాయిస్తానని పట్టుబడుతోంది, ఇది జరిగే పనేనా అని అడిగారు. జరిగే పనేనండీ. కాకపోతే ఇప్పటి సాధనే గట్టిగా చేస్తే ఎప్పటికో అక్కడికి చేరుతుంది అనుకోవద్దు. అది వేరే విద్య, దానికి వేరే గురువు కావాలి. ఆలస్యం కూడా చేయకూడదు, అక్కడి పిల్లలు అయిదారేళ్ళకే మొదలుపెడతారు.

నాది విజయనగరమే. మహారాజా సంగీత కళాశాలలో వయొలిన్ డిప్లొమా చేశాను. పెళ్ళయ్యాక మాంచెస్టర్ వచ్చి, ఇక్కడ ఒక ఔత్సాహికుల ఆర్కెస్ట్రాలో సెకండ్ వయొలిన్స్‌లో, అంటే వయొలిన్ల రెండో బృందంలో, వాయిస్తున్నాను. జీతం ఉండదు. అయితే నాకు పాశ్చాత్య పద్ధతి నేర్పిన మాస్టారు బల్గేరియా నుంచి వలస వచ్చి, రిటైరయ్యేదాకా ఆర్కెస్ట్రా ఉద్యోగమే చేసినాయన. ఉద్యోగం గురించి నేను చెప్పేదంతా ఆయన దగ్గర చూసిందీ విన్నదీ.

మొదట చేతికి తెలిసే తేడాలు. మనం కింద కూర్చుని వయొలిన్ తలను కుడి పాదం మీద ఆనిస్తాం కాబట్టి ఎడమ చెయ్యి తీగ మీద స్వేచ్ఛగా జారుతుంది, గమకాలు పలుకుతాయి. అక్కడ గడ్డం, భుజం కలిసి వాయిద్యాన్ని పట్టుకోవాలి. మన తీగలు స-ప-స-ప శ్రుతిలో ఉంటాయి, వాళ్ళవి జి-డి-ఎ-ఇ. మన వయొలిన్‌లో నడిమి రెండు తీగలకూ స్వరాల దూరం వేరు, వాళ్ళకు అన్ని తీగల మధ్యా స-ప దూరమే. అందుకని వేళ్ళకు అలవాటైన చోట్లు మారిపోతాయి.

వీటన్నిటికంటే నన్ను ఎక్కువ కష్టపెట్టింది నొటేషన్, అంటే కాగితం మీద రాసిన స్వరాలు, చదవడం. మనం విని పట్టుకుంటాం, పాడి వాయిస్తాం. ఆర్కెస్ట్రాలో ముందెప్పుడూ చూడని కాగితాన్ని ఎదురుగా పెడితే అక్కడికక్కడే తాళం తప్పకుండా వాయించాలి. పైగా మనోధర్మానికి, అంటే అప్పటికప్పుడు సొంతంగా కల్పించి వాయించడానికి, అక్కడ చోటు లేదు. పెద్ద ఆర్కెస్ట్రాలో ఫస్ట్ వయొలిన్సే పదహారు మంది దాకా ఉంటారు. కమాను ఎప్పుడు పైకి, ఎప్పుడు కిందికి అన్నది ముందు వరుసలోని లీడర్ నిర్ణయిస్తారు, మిగతా అందరి కమానులూ అలాగే కదలాలి. ఒక్కరి శబ్దం విడిగా వినిపించకూడదు. సోలో కచేరీలో చప్పట్లు అందుకున్న పిల్లలకు దీన్ని ఇష్టపడటం అంత తేలిక కాదు. నాకు మాత్రం అంత పెద్ద శబ్దం మధ్యలో కూర్చోవడం కంటే గొప్ప సంతోషం సంగీతంలో ఇంకోటి దొరకలేదు.

ఇక ఉద్యోగం. ఆడిషన్‌లో దాదాపు ప్రతిచోటా మోజార్ట్ కాన్చెర్టో (సోలో వయొలిన్‌కు ఆర్కెస్ట్రా తోడుండే రచన) మొదటి భాగం అడుగుతారు, దానితో పాటు సింఫనీల్లోంచి కష్టమైన ముక్కలు. చాలాచోట్ల తెర వెనక నిలబడి వాయించాలి, ఊరూ పేరూ రంగూ కనపడవు. వలస వచ్చినవాళ్ళకు ఆ తెర పెద్ద అండ. బ్రిటన్‌లో అయితే ఆడిషన్ తర్వాత ట్రయల్ అని, ఆర్కెస్ట్రాతో కొన్ని కచేరీలు వాయింపించి చూస్తారు. ఇది నెలల తరబడి సాగొచ్చు. మా మాస్టారు మొదట్లో ఎవరైనా సెలవు పెడితే పిలిచే ఎక్స్‌ట్రాగా తిరిగారు. పగలు పిల్లలకు పాఠాలు, రాత్రి కచేరీ, ఆ మధ్యలో వీసా టెన్షన్. పర్మనెంట్ అయ్యాక కూడా పండగ రోజుల్లో ఇంట్లో ఉన్నది తక్కువ, ఎందుకంటే కచేరీలు ఎక్కువగా ఉండేది అప్పుడే. ఎడమ భుజం నొప్పి ఆయనకు ఇప్పటికీ ఉంది. అయినా మళ్ళీ పుడితే ఇదే పని చేస్తానంటారు, ఆ మాట నేను నమ్ముతాను.

మనవాళ్ళలో తప్పక తెలుసుకోవాల్సిన పేరు మెహ్లీ మెహతా, ప్రసిద్ధ ఆర్కెస్ట్రా కండక్టర్ జుబిన్ మెహతా తండ్రి. 1908లో బొంబాయిలో పుట్టి, 1935లో అక్కడే సింఫనీ ఆర్కెస్ట్రా స్థాపించారు. 1945లో న్యూయార్క్ వెళ్ళి పేరున్న వయొలిన్ గురువు ఇవాన్ గలామియన్ దగ్గర శిష్యరికం చేశారు. తర్వాత నలభై దాటిన వయసులో మాంచెస్టర్ వచ్చి హాలే ఆర్కెస్ట్రాలో చేరారు. సొంత ఆర్కెస్ట్రా నడిపిన మనిషి మరొకరి ఆర్కెస్ట్రాలో ఉద్యోగిగా చేరారు! అక్కడి నుంచి అమెరికా వెళ్ళి, 1964లో లాస్ ఏంజెలెస్‌లో యువకుల కోసం అమెరికన్ యూత్ సింఫనీ మొదలుపెట్టారు.

అలాగని ఇప్పటి గురువుగారిని మాన్పించకండి. 1919లో నేను చదివిన మహారాజా సంగీత కళాశాలకే విద్యార్థిగా చేరదామని వచ్చి, అక్కడే అధ్యాపకుడైన కర్ణాటక వయొలిన్ విద్వాంసుడు ద్వారం వెంకటస్వామి నాయుడు గారు పాశ్చాత్య వయొలిన్‌ను శ్రద్ధగా విన్నవారు. ఆయన బాణీలో కమాను మీద పెట్టే శ్రద్ధ మీ అమ్మాయికి కచ్చితంగా పనికొస్తుంది. నా కమాను చూసి మాస్టారు మొదటి పాఠంలోనే మెచ్చుకున్నారు, ఆ గొప్పతనం విజయనగరానిదే. వాయిద్యం మాత్రం రెండోది కొనండి, ఒకే వయొలిన్‌కు రోజూ శ్రుతి మార్చడం మంచిది కాదు. పాశ్చాత్య గురువు ఊళ్ళో దొరక్కపోతే విశాఖలో వెతకండి, ఆన్‌లైన్‌లోనైనా సరే. ట్రినిటీ లేదా ఏబీఆర్ఎస్ఎమ్ అనే బ్రిటిష్ సంస్థలు పెట్టే గ్రేడు పరీక్షలు ఎనిమిది ఉంటాయి, విదేశీ కన్సర్వేటరీలు (సంగీత కళాశాలలు) సాధారణంగా ఎనిమిదో గ్రేడును మించిన స్థాయి ఆశిస్తాయి.

డబ్బు ఖర్చుపెట్టే ముందు ఒక్క పని చేయండి. ముంబైలోని ఎన్‌సీపీఏ అనే కళా కేంద్రంలో 2006 నుంచి సింఫనీ ఆర్కెస్ట్రా ఆఫ్ ఇండియా ఉంది. అందులో కజకిస్తాన్ నుంచి వచ్చి వాయిస్తున్నవాళ్ళూ ఉన్నారు, అంటే మన దేశానికి వలస వచ్చిన ఆర్కెస్ట్రా కళాకారులు. కోణార్క్ ఎక్స్‌ప్రెస్ విజయనగరంలో ఆగుతుంది, నేరుగా ముంబై చేరుస్తుంది. అమ్మాయిని ఒక కచేరీకి తీసుకెళ్ళి, వయొలిన్లలో చివరి వరుసను చూడమనండి. అక్కడ కూర్చోవడానికి ఇష్టమేనా అని అడగండి. ఇష్టమే అంటే గురువును వెతకడం మొదలుపెట్టండి.